మీకు తెలుసా? నలభై దాటితే ఈ పతకం రాదు

సైన్సులో పెద్ద బహుమతి అనగానే తల నెరిసిన ముఖమే గుర్తుకొస్తుంది. ఎప్పుడో పాతికేళ్ల వయసులో చేసిన పనికి, మనవలు పుట్టాక సన్మానం. అదీ గౌరవమే, కాదనలేం. కాని ఆ డబ్బు, ఆ పేరు నిజంగా అవసరపడిన రోజుల్లో చేతికి రాలేదు కదా! అందుకే కొన్ని బహుమతులు పనిగట్టుకుని వయసుకు గీత గీసుకున్నాయి. ఒకచోట ముప్పై రెండు, ఇంకోచోట ముప్పై ఐదు, మరోచోట నలభై, నలభై ఐదు. ఆ గీతకు ఇటూ అటూ నిలబడ్డవాళ్ల కథలు ఇవి.

నలభై అన్న అంకె ఫీల్డ్స్ వేసింది కాదు

నోబెల్ తన వీలునామాలో గణితాన్ని చేర్చలేదు. ఆ లోటు తీర్చేది ఫీల్డ్స్ పతకం. నాలుగేళ్లకోసారి ప్రపంచ గణిత మహాసభల్లో ఇస్తారు. దీన్ని తలపెట్టిన కెనడా గణితవేత్త జాన్ చార్లెస్ ఫీల్డ్స్ 1932లోనే కన్నుమూశాడు. తొలి పతకాలు 1936లో ఆస్లోలో లార్స్ ఆల్‌ఫోర్స్‌కు, జెస్సీ డగ్లస్‌కు అందాయి. ఫీల్డ్స్ రాసిపెట్టిన కాగితంలో వయసు పరిమితి లేదు. చేసిన పనికి గుర్తింపుగా, ఇకముందు చేయబోయే పనికి ప్రోత్సాహంగా ఈ పతకం ఉండాలన్నాడు, అంతే. ఇకముందు చేయబోయే పని అన్నాడు కాబట్టి చిన్నవాళ్లకే ఇవ్వాలని తర్వాతి కమిటీలు అర్థం తీశాయి. 1966 నాటికి అది నలభై ఏళ్ల నిబంధనగా గట్టిపడింది.

ఆ నిబంధనలో చిన్న వెసులుబాటు ఉంది. మహాసభ జరిగే ఏడాది జనవరి 1 కంటే ముందు నలభై నిండి ఉండకూడదు. ఆ తర్వాత నిండితే ఫరవాలేదు. ఇజ్రాయెల్ గణితవేత్త ఎలాన్ లిండెన్‌స్ట్రాస్ 1970 ఆగస్టు 1న పుట్టాడు. 2010 ఆగస్టు 19న పతకం అందుకున్నాడు. అంటే నలభై నిండి పద్దెనిమిది రోజులయ్యాక! ఇంతకీ ఆయన ఆ పతకం అందుకున్న ఊరేమిటో తెలుసా? మన హైదరాబాద్.

హైదరాబాద్‌లో నాలుగు బంగారు పతకాలు

గణిత మహాసభలు భారతదేశంలో జరగడం అదే తొలిసారి. అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా నలుగురికి ఫీల్డ్స్ పతకాలు ఇచ్చారు. లిండెన్‌స్ట్రాస్ కాక, రష్యాకు చెందిన స్తనిస్లావ్ స్మిర్నోవ్, ఫ్రాన్స్ నుంచి సెడ్రిక్ విలానీ, హనోయ్‌లో పుట్టిన న్గో బావో చావ్. విలానీ కోటుకు సాలీడు బొమ్మ ఉన్న పిన్ను పెట్టుకుని తిరుగుతాడు. 2017లో ఫ్రాన్సు పార్లమెంటుకు కూడా ఎన్నికయ్యాడు. న్గో బావో చావ్ వియత్నాంకు తొలి ఫీల్డ్స్ పతకం తెచ్చినవాడు.

గణితాన్ని జనానికి దగ్గర చేసినవాళ్లకు ఇచ్చే లీలావతి బహుమతి కూడా ఆ హైదరాబాద్ సభల్లోనే పుట్టింది. పేరు భాస్కరాచార్యుడి గ్రంథానిది. తొలి బహుమతి రచయిత సైమన్ సింగ్‌కు దక్కింది. ఆ రోజుల్లోనే విశ్వనాథన్ ఆనంద్ అక్కడికొచ్చిన గణితవేత్తలతో, విద్యార్థులతో ఒకేసారి నలభై బల్లల మీద చదరంగం ఆడాడు. ముప్పై తొమ్మిది మంది ఓడిపోయారు. ఒక్కరు డ్రా చేసుకున్నారు. ఆ ఒక్కరూ ప్రొఫెసరేమీ కాదు, పద్నాలుగేళ్ల కుర్రవాడు!

ఫెర్మా చిక్కు విప్పినవాడికి పతకం రాలేదు

మూడు వందల యాభై ఏళ్లకు పైగా ఎవరికీ లొంగని ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని ఆండ్రూ వైల్స్ నిరూపించాడని 1993 జూన్‌లో ప్రపంచమంతా చెప్పుకుంది. అప్పటికి ఆయనకు నలభై నిండి రెండు నెలలు. పైగా ఆ నిరూపణలో ఒక పొరపాటు బయటపడింది. దాన్ని సరిదిద్దేసరికి 1994 సెప్టెంబరు వచ్చింది. ఏడేళ్లు ఎవరికీ చెప్పకుండా అటకమీది గదిలో కూర్చుని చేసిన పని అది. అందరూ గుర్తించే నాటికి గడువు దాటిపోయింది. 1998లో బెర్లిన్ సభల్లో గణితవేత్తల సంఘం ఆయన కోసం ప్రత్యేకంగా ఒక వెండి ఫలకం చేయించి ఇచ్చింది. ఇవ్వలేకపోయినందుకు క్షమాపణలా అనిపిస్తుంది నాకది.

అటు పక్క ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పియెర్ సెర్ 1954లో ఇరవై ఏడేళ్లకే ఫీల్డ్స్ పతకం అందుకున్నాడు. అంతకన్నా చిన్నవయసులో ఇంతవరకు ఎవరూ తీసుకోలేదు. వయసుతో పనిలేని ఆబెల్ బహుమతి 2003లో మొదలైనప్పుడు తొలి విజేత కూడా ఆయనే. అప్పటికి డెబ్భై ఆరేళ్లు.

తాకట్టు కొట్టుకెళ్లిన పతకం

ఫీల్డ్స్ పతకం మీద ఆర్కిమెడిస్ ముఖం ఉంటుంది. చెక్కిన శిల్పి కెనడావాడు టెయిట్ మెకంజీ, వృత్తిరీత్యా డాక్టరు కూడా. ముఖం పక్కన 1933 అని రోమన్ అంకెల్లో వేయబోయి ఒకచోట ఎమ్ బదులు ఎన్ చెక్కాడు. ప్రపంచంలోని గొప్ప గణితవేత్తలంతా అందుకునే పతకం మీద ఒక అంకె తప్పు!

తొలి విజేత ఆల్‌ఫోర్స్ ఫిన్లాండ్ వాడు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో దేశం విడిచి వెళ్లేటప్పుడు చేతిలో పది క్రౌన్లకు మించి డబ్బు తీసుకెళ్లనివ్వలేదు. దొంగచాటుగా వెంట తెచ్చుకున్న ఫీల్డ్స్ పతకాన్ని స్వీడన్‌లో తాకట్టు పెట్టి గండం గట్టెక్కాడు. తర్వాత స్నేహితుల సాయంతో విడిపించుకున్నాడు. 2018లో రియో డి జనీరోలో కౌచర్ బిర్కర్ పతకం అందుకున్న కాసేపటికే, సభాస్థలిలోనే దాన్ని ఎవరో బ్యాగుతో సహా ఎత్తుకుపోయారు. ఇరాన్‌లోని కుర్దు రైతు కుటుంబంలో పుట్టి, బ్రిటన్‌కు శరణార్థిగా వెళ్లినవాడు బిర్కర్. నిర్వాహకులు ఆయనకు మరో పతకం ఇచ్చారు.

వద్దన్నవాడు రష్యా గణితవేత్త గ్రిగొరీ పెరెల్‌మాన్. 2006లో ఫీల్డ్స్ పతకాన్ని, 2010లో పది లక్షల డాలర్ల క్లే బహుమతిని కాదన్న సంగతి చాలామందికి తెలుసు. ఆయన అంతకు పదేళ్ల ముందే, 1996లో, యువ గణితవేత్తలకు ఐరోపా గణిత సంఘం ఇచ్చే బహుమతిని కూడా తిప్పికొట్టాడు. అంటే కుర్రతనం నుంచీ అదే తీరు!

కుంభకోణం గీత ముప్పై రెండు

శ్రీనివాస రామానుజన్ బతికింది ముప్పై రెండేళ్లే. అందుకే కుంభకోణంలో శాస్త్ర విశ్వవిద్యాలయం 2005 నుంచి ఇస్తున్న రామానుజన్ బహుమతికి వయసు పరిమితి కూడా ముప్పై రెండే. ఆయన పుట్టినరోజు డిసెంబరు 22కు అటూ ఇటూగా బహుమతి ఇస్తారు. సొమ్ము పది వేల డాలర్లు.

ఈ బహుమతి ఎంపికలో ఒక విశేషముంది. తొలి ఏడాది విజేతల్లో ఒకరు మంజుల్ భార్గవ. ఆయనకు 2014లో ఫీల్డ్స్ పతకం వచ్చింది. 2008లో కుంభకోణం బహుమతి తీసుకున్న అక్షయ్ వెంకటేశ్‌కు, 2013లో తీసుకున్న పీటర్ షోల్జేకు 2018లో ఫీల్డ్స్ వచ్చింది. 2014 విజేత జేమ్స్ మేనార్డ్‌కు, 2017 విజేత మరీనా వియజోవ్‌స్కాకు 2022లో వచ్చింది. ఈ బహుమతికి ఎంపిక చేసేవాళ్ల చూపు ఎంత దూరం ఆనుతుందో దీన్నిబట్టి చూడండి. నా మటుకు నాకు యువ పురస్కారం అంటే ఇలాగే ఉండాలనిపిస్తుంది. పేరు వచ్చినవాడికి ఇంకో దండ వేయడం కాదు, పేరు రాకముందే కనిపెట్టడం.

నెలకు 75 రూపాయలు

రామానుజన్‌కు బతికుండగా దక్కిన ఒక పెద్ద ప్రోత్సాహం పతకం కాదు, జీతం లాంటి స్కాలర్‌షిప్. 1912లో ఆయన మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్పై రూపాయల గుమాస్తా. డిగ్రీ లేదు. ఇంటర్ లాంటి ఎఫ్.ఏ. తప్పాడు. అయినా 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. డిగ్రీ లేనివాడికి పరిశోధక వేతనమా అన్న అభ్యంతరం దాటుకుని వచ్చిన డబ్బది. మూడు నెలలకోసారి ఏం చేశాడో నివేదిక ఇవ్వాలి, షరతు అదొక్కటే. గుమాస్తా లెక్కలు మాని సొంత లెక్కలు చేసుకునే తీరిక ఆయనకు అలా దొరికింది.

మనవైపు ఇలాంటి కథే యల్లాప్రగడ సుబ్బారావుది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికా ఓడ ఎక్కడానికి ఆసరా అయినవాటిలో కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ చారిటీస్ ఒకటి. హార్వర్డ్‌కు చేరాక చేతిలో డబ్బులేక ఆస్పత్రిలో రాత్రిపూట పనులు చేశాడు. కొన్నేళ్లకే అక్కడి సహ పరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాడు. ఆ తర్వాత కండరాల శక్తి రహస్యం, ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందులు. బతికినంతకాలం పెద్ద అవార్డేదీ ఆయన ఇంటి గుమ్మం తొక్కలేదు. అవార్డు కన్నా ఓడ ఖర్చులు ఇచ్చినవాళ్లే సైన్సుకు ఎక్కువ మేలు చేశారని ఆయన విషయంలో ధైర్యంగా అనొచ్చు.

రెండు రోజులు ఆలస్యమైన ఉత్తరం

సాయం సమయానికి అందని కథ నార్వే గణితవేత్త నీల్స్ హెన్రిక్ ఆబెల్‌ది. ఆయన 1829 ఏప్రిల్ 6న క్షయతో చనిపోయాడు. ఇరవై ఆరేళ్లు. ఉద్యోగం లేక, అప్పుల్లో, పెళ్లి వాయిదా వేసుకుంటూ గడిపాడు. బెర్లిన్‌లో ఆయనకు ఉద్యోగం ఖాయమైందన్న శుభవార్తతో స్నేహితుడు క్రెల్లె ఉత్తరం రాసింది ఏప్రిల్ 8న. మరుసటి ఏడాది పారిస్ అకాడమీ ఆయనకూ, జర్మన్ గణితవేత్త జాకోబీకీ కలిపి పెద్ద బహుమతి ప్రకటించింది. తీసుకోవడానికి ఆబెల్ లేడు.

భట్నాగర్ బహుమతి తొలి విజేతకు ఎన్నేళ్లు?

మనదేశంలో యువ శాస్త్రవేత్తల బహుమతి అంటే ముందుగా గుర్తొచ్చేది శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతే. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి తొలి అధిపతి పేరు మీద 1958లో మొదలైంది. ఈ భట్నాగర్ గారు లాహోరులో ప్రొఫెసరుగా ఉన్నప్పుడు, చమురు బావులు తవ్వేచోట బురద గట్టిపడిపోతుంటే ఒక ఇంగ్లీషు కంపెనీకి ఉపాయం చెప్పాడు. కంపెనీ లక్షన్నర రూపాయలు ఇస్తామంటే, నాకు కాదు, విశ్వవిద్యాలయంలో పరిశోధనకు ఇవ్వండి అన్నాడు. ఆ కాలంలో లక్షన్నర అంటే ఎంతో ఊహించుకోండి.

నలభై ఐదేళ్ల లోపువాళ్లకే ఇస్తారని పేరుపడిన ఈ బహుమతి తొలి విజేత కె.ఎస్. కృష్ణన్. రామన్‌తో కలిసి పనిచేసిన ఆ కృష్ణనే. బహుమతి వచ్చేనాటికి ఆయన అరవైకి దగ్గరపడ్డాడు! వయసు పట్టింపు తర్వాత వచ్చి చేరింది. గణితంలో తొలి భట్నాగర్ విజేతలు ఇద్దరూ తెలుగువాళ్లు. ఒకరు మచిలీపట్నంలో పుట్టిన కొమరవోలు చంద్రశేఖరన్, టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థలో గణిత విభాగాన్ని నిలబెట్టినవాడు. రెండోవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు. ఈ రావుగారి సంగతి మరీ విడ్డూరం. 1945లో పాతికేళ్ల వయసులో రాసిన పరిశోధన పత్రానికి, గణాంకశాస్త్రంలో నోబెల్ అంతటిదిగా చెప్పుకునే అంతర్జాతీయ బహుమతి 2023లో ప్రకటించారు. అప్పటికి ఆయనకు నూట రెండేళ్లు. ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

భట్నాగర్ బహుమతిలో అయిదు లక్షల రూపాయలతో పాటు, అరవై ఐదేళ్లు వచ్చేదాకా నెలకు పదిహేను వేలు కూడా ఇచ్చేవారు. ఏటా సెప్టెంబరు 26న, మండలి పుట్టినరోజున, పేర్లు ప్రకటించడం ఆనవాయితీ. 2022లో ఆ రోజు వచ్చి వెళ్లిపోయింది, పేర్లు రాలేదు. కేంద్రం సైన్సు అవార్డులన్నిటినీ తిరగేసి చాలావాటిని ఎత్తేసిన కాలమది. 2022 విజేతల పేర్లు 2023 సెప్టెంబరులో బయటికొచ్చాయి. 2024 నుంచి ఆ బహుమతి రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాల్లో ఒక భాగమై, విజ్ఞాన యువ శాంతి స్వరూప్ భట్నాగర్ అన్న పేరుతో ఇస్తున్నారు. వయసు పరిమితి నలభై ఐదే ఉంచారు. నగదు మాత్రం లేదు. పతకం, ప్రశంసాపత్రం. రాష్ట్రపతి చేతుల మీదుగా తీసుకోవడం గౌరవమే, ఒప్పుకుంటా. అయినా ఇంటి అద్దె, పిల్లల ఫీజులు కట్టుకునే వయసున్న పరిశోధకుడికి ఆ నెల నెలా పదిహేను వేలు మరోరకం గౌరవం.

పోటీకి వచ్చింది ఒక్కరే

కేంబ్రిడ్జిలో ఆడమ్స్ బహుమతి అని ఒకటుంది. 1850లలో దానికి ఇచ్చిన అంశం శని గ్రహం చుట్టూ ఉన్న వలయాలు. అవి గట్టి పళ్లెమా, ద్రవమా, విడివిడి ముక్కలా? పోటీకి వచ్చిన వ్యాసం ఒకే ఒక్కటి. రాసినవాడు పాతికేళ్ల జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. లెక్కలేనన్ని చిన్న ముక్కలైతేనే ఆ వలయాలు నిలుస్తాయని లెక్కగట్టి, 130 పౌండ్లు గెలుచుకున్నాడు. ఆ మాట నిజమేనని జేమ్స్ కీలర్ వర్ణపటం తీసి చూపింది 1895లో.

బడి పిల్లలుగా ఉన్నప్పుడే

అమెరికాలో ఇంటర్ వయసు పిల్లలకు 1942 నుంచి సైన్స్ టాలెంట్ సెర్చ్ అనే పోటీ జరుగుతోంది. వెస్టింగ్‌హౌస్ పేరుతో మొదలై, ఇంటెల్ చేతికి వెళ్లి, ఇప్పుడు రీజెనెరాన్ అనే మందుల కంపెనీ పేరుతో నడుస్తోంది. 1950లో తుది పోటీకి చేరినవాళ్లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ సైన్స్ హైస్కూలు నుంచి ఇద్దరు క్లాస్‌మేట్లు ఉన్నారు: షెల్డన్ గ్లాషో, స్టీవెన్ వైన్‌బర్గ్. 1979లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆ ఇద్దరూ ఉన్నారు. మూడోవారు అబ్దుస్ సలాం. అంతర్జాతీయ సైన్స్, ఇంజినీరింగ్ ఫెయిర్‌లో నెగ్గిన పిల్లల పేర్లయితే ఏకంగా ఆకాశానికే ఎక్కాయి. ఎంఐటీ లింకన్ ప్రయోగశాల కనిపెట్టిన చిన్న గ్రహశకలాలకు వాళ్ల పేర్లు పెట్టారు.

గీత అందరికీ ఒకేలా తగలదు

వయసు పరిమితి మంచిదే, కాని అది గీసే గీత ఆడవాళ్ల మీద ఎక్కువ బరువు పడుతుంది. పరిశోధన పుంజుకునే ఏళ్లూ, కాన్పులూ పిల్లల పెంపకమూ మీదపడే ఏళ్లూ ఒకటే. భట్నాగర్ బహుమతి అందుకున్న తొలి మహిళ అసీమా ఛటర్జీ, 1961లో. రెండో మహిళ అర్చనా శర్మ పేరు వినడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. ఫీల్డ్స్ పతకం 1936లో మొదలైతే తొలి మహిళ, ఇరాన్‌కు చెందిన మర్యం మీర్జాఖానీ, 2014లో వచ్చింది. మూడేళ్లకే క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె వయసు నలభై.

దీనికి మందు లేకపోలేదు. ఐరోపా పరిశోధన మండలి యువ పరిశోధకులకు నిధులిచ్చేటప్పుడు, డాక్టరేటు తర్వాత గడిచిన ఏళ్లను లెక్కవేసి, తల్లులకు బిడ్డకు ఏడాదిన్నర చొప్పున సడలింపు ఇస్తూ వచ్చింది. కంప్యూటర్ శాస్త్రంలో గ్రేస్ మరే హాపర్ అవార్డుది ఇంకో దారి. బహుమతి తీసుకునేనాటి వయసు కాదు, ఆ పని చేసిననాటి వయసు ముప్పై ఐదు దాటకూడదంటారు. 1971లో తొలి విజేత డొనాల్డ్ నూత్.

జోసిలిన్ బెల్ బర్నెల్‌ది వేరే కథ. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థినిగా, ఇరవై నాలుగేళ్ల వయసులో, పల్సార్ల సంకేతాన్ని పసిగట్టింది ఆమె. 1974 నోబెల్ వెళ్లింది ఆమె గైడు ఆంటొనీ హ్యూయిష్‌కు, మార్టిన్ రైల్‌కు. 2018లో ఆమెకు ముప్పై లక్షల డాలర్ల ప్రత్యేక బ్రేక్‌త్రూ బహుమతి వచ్చినప్పుడు ఒక్క డాలరు కూడా ఉంచుకోలేదు. భౌతికశాస్త్రంలో తక్కువగా కనిపించే వర్గాల పిల్లల డాక్టరేటు చదువుకు మొత్తం ఇచ్చేసింది.

మన ఊరి బడికి ఐదు అవకాశాలు

ఇక మనకు దగ్గర సంగతి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, జాతీయ ఆవిష్కరణల సంస్థ కలిసి నడిపే ఇన్‌స్పైర్ మనక్ గురించి విని ఉంటారు. ఆరో తరగతి నుంచి పిల్లలు తమ సొంత ఆలోచన పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారు చేయడానికి పది వేల రూపాయలు నేరుగా పిల్లవాడి బ్యాంకు ఖాతాలో పడతాయి. అక్కడినుంచి జిల్లా ప్రదర్శన, రాష్ట్ర ప్రదర్శన, ఆపైన జాతీయ స్థాయి. ఒక్కో బడి ఐదు ఆలోచనల వరకు పంపవచ్చు. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న తేడా లేదు.

చిక్కల్లా ఒక్కటే. పిల్లలు నేరుగా పంపలేరు, బడి తరఫున ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. హెడ్మాస్టరు పట్టించుకోకపోతే ఆ ఐదు ఖాళీలూ ఖాళీగానే పోతాయి. ఇంకో చిక్కు, నెట్‌లో దొరికిన ప్రాజెక్టునే కాస్త రంగు మార్చి పంపడం. అమ్మ వంటింట్లో పడే అవస్థ, నాన్న పొలంలో పడే తిప్పలు చూసి పిల్లవాడికి తట్టిన ఉపాయం ఎంత వంకరటింకరగా ఉన్నా దానికే విలువ. మీ ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల సంగతితో పాటు ఇదీ అడగండి: ఈ ఏడు మన బడి నుంచి ఇన్‌స్పైర్‌కు ఎన్ని ఆలోచనలు పంపారు?